పాపకి కాదండీ, సైకిల్ నాకే

నలభై దాటిన ఆడమనిషి సైకిల్ షాపు మెట్లెక్కితే ముందుగా వినపడే మాట, "పాపకా మేడం, బాబుకా?" నాకేనండీ అంటే, నా వెనక మగమనిషి ఎవరన్నా వస్తున్నారేమో ఒకసారి చూసి, గులాబీ రంగు బుట్టా, హ్యాండిల్ చివర్ల కుచ్చులూ ఉన్న సైకిల్ ఒకటి ముందుకు లాగుతారు. నెల్లూరు ట్రంకు రోడ్డులో నేను ఎక్కి దిగిన షాపుల్లో ఇంచుమించు అందరిదీ ఇదే వరస. వాళ్ళననీ లాభం లేదు, వాళ్ళ దగ్గరికి వచ్చే బేరాలే అట్లాంటివి. తొమ్మిదో తరగతి పిల్లకో, పుట్టినరోజు పిల్లాడికో, లేదంటే డాక్టరు తిట్టాడని జనవరి ఒకటికి కొని ఉగాదికల్లా దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకునే అంకుల్‌కో అమ్మి అలవాటు. రోజూ ఆఫీసుకి తొక్కుకుంటూ పోతాను, వచ్చేటప్పుడు కూరగాయలు వేసుకొస్తాను అనే నడివయసు ఆడవాళ్ళ కోసమని ఎవరూ ఏదీ తెచ్చి పెట్టరు. ఏం కావాలో మనమే తేల్చుకుని పోవాలి. నేను ఏం తేల్చుకున్నానో, ఎందుకో రాస్తున్నా, నాలాంటి వాళ్ళు ఇంకెవరన్నా ఉంటే పనికొస్తుంది.

నా అవసరం చిన్నదే. ఇల్లు వేదాయపాళెం, ఆఫీసు దర్గామిట్ట. పొద్దున ఆఫీసుల టైములో ఈ దూరానికి స్కూటీకి పట్టే టైముకీ సైకిల్‌కి పట్టే టైముకీ పెద్ద తేడా ఏమీ ఉండదు, సిగ్నల్ దగ్గర అందరం ఒకటే. ఆదివారం తెల్లారగట్ల నెల్లూరు చెరువు కట్ట మీద ఇరుకళల పరమేశ్వరి గుడి వరకూ పోయి రావాలని కూడా కోరిక. సైకిల్ నాకు కొత్త కాదు, మా నాన్న 24 ఇంచీల సైకిల్ బార్ కింద నుంచి కాలు దూర్చి ఒంకరగా తొక్కి నేర్చుకున్నదాన్ని, హైస్కూల్లో లేడీబర్డ్ తొక్కినదాన్ని. పెళ్ళితో ఆగింది. పాతికేళ్ళ పైమాటే. మా ఆయనకి చెప్తే "స్కూటీ పెట్టుకుని సైకిలేందే, పెట్రోలుకి డబ్బుల్లేవనుకుంటారు" అన్నాడు. మా అత్త వంటింట్లోంచే "తొక్కనీరా, కాళ్ళు దానివి, నీకేం నొప్పి" అంది. ఇంకేం, బయల్దేరాను.

మొదట పోయింది అద్దాల షోరూముకి. ఏసీ, లైట్లు, గోడకి వేలాడదీసిన సైకిళ్ళు. కుర్రాడు చాలా మర్యాదగా "మేడం, ఇది ట్వంటీవన్ స్పీడ్, డ్యూయల్ డిస్క్, ఫ్రంట్ సస్పెన్షన్, ఇప్పుడంతా ఇదే మూవింగ్" అన్నాడు. పక్కన నాలుగించీల లావు టైర్లది ఇంకోటి. తోడొచ్చిన మా అబ్బాయి అక్కడే ఫ్లాట్. నేను మాత్రం బార్ పట్టుకుని పైకి లేపి చూశాను, నడుం పట్టేసేలా ఉంది. మా అపార్టుమెంటు లిఫ్టులో సైకిల్ పట్టదు, నాలుగు మెట్లెక్కించి వరండాలో పెట్టుకోవాలి, కాబట్టి బరువు నాకు రోజూ రెండుసార్లు ఎదురయ్యే సంగతి.

ఈ 21 గేర్ల సంగతి కాస్త విప్పి చెప్పుకోవాలి. ముందర మూడు పళ్ళ చక్రాలు, వెనక ఏడు, మూడేళ్ళు ఇరవయ్యొకటి అని లెక్క చెప్తారు. ఈ రేటు సైకిళ్ళలో చాలావాటికి ముందర 42, 34, 24 పళ్ళు, వెనక 14 నుంచి 28 దాకా ఉంటాయి. ముందర 42, వెనక 24 పెట్టి తొక్కినా, ముందర 34, వెనక 20 పెట్టి తొక్కినా, ముందర 24, వెనక 14 పెట్టినా కాలికి తగిలే బరువు ఇంచుమించు ఒకటే. భాగహారం చేసి చూడండి, మూడూ 1.7 దగ్గర్లోనే తేలతాయి. ఇట్లా ఒకదాని మీద ఒకటి పడేవి పోగా, చైను మరీ అడ్డంగా లాగి పాడయ్యే జోడీలు కొన్ని పోగా, నిజంగా పనికొచ్చేవి సగం. ఆ సగం కూడా కొండలెక్కేవాళ్ళకి. నెల్లూరులో కొండ ఎక్కడుంది? పెన్నా ఒడ్డున అరచెయ్యిలాగా పరుచుకున్న ఊరు. ఎత్తంటే ఫ్లైఓవరు, పల్లమంటే రైల్వే లైను కింద అండర్‌బ్రిడ్జి, అంతకు మించి ఏమీ లేదు. ఊటీలో ఉండుంటే ఈ పేరా తిరగేసి రాసేదాన్ని.

ముందు చక్రాన్ని పట్టి ఉంచే స్ప్రింగుల ఫోర్కు, అదే ఆ కుర్రాడు చెప్పిన సస్పెన్షన్, అది కూడా అంతే. మంచి రకం ఫోర్కుల సంగతి వేరు, వాటి ఒక్కదాని ఖరీదే ఈ సైకిల్ మొత్తం ఖరీదుని మించిపోతుంది. పన్నెండు పదిహేను వేల సైకిల్‌కి వేసేది ఇనప గొట్టాల్లో ఒక స్ప్రింగు, అంతే. అదనపు బరువు మోయాలి, తొక్కేటప్పుడు మనం పెట్టిన బలంలో కొంత అది కిందకీ పైకీ ఊగడానికి పోతుంది. షోరూములోనే ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని హ్యాండిల్ మీద బరువేసి నొక్కి చూస్తే తెలిసిపోతుంది. నేను చూసినవాటిలో ఒకటి కిందకి దిగి, పైకి రావడానికి ఆలోచించుకుంది. గతుకులకి కాస్త వెడల్పు టైరూ, అందులో సరైన గాలీ ఉంటే చాలు. చక్రం మధ్యలో ఉండే ఇనప పళ్ళేన్ని పట్టి ఆపే డిస్క్ బ్రేకులు వానలో బాగా పడతాయి, అది ఒప్పుకోవాలి. కానీ స్టాండులో పక్క బండి తగిలి ఆ పళ్ళెం కొంచెం వంగినా తిరిగిన ప్రతి చుట్టుకీ షింగు షింగుమంటుంది, చైనుకి వేసే నూనె చుక్క దాని మీద పడితే పట్టు పోతుంది, మా వీధి మెకానిక్కు వాటి జోలికి పోనన్నాడు. రిపేరుకి షోరూముకే పోవాల్సిన సైకిల్ నాకెందుకు?

తరవాత పోయింది సంతపేట వైపు పాత షాపుకి. ఇక్కడ ఏసీ లేదు, గ్రీజు వాసన ఉంది. లోపలికి పోగానే కుడిపక్క నల్ల సైకిళ్ళు వరసగా, కాగితం చుట్టిన బార్లతో, 22 ఇంచీలవీ 24 ఇంచీలవీ. చిన్నప్పటి అలవాటుకొద్దీ అట్లాస్ ఉందా అని అడిగాను. పెద్దాయన నవ్వి "అది యాడుందమ్మా ఇంకా, మూతపడి ఎన్నాళ్ళయింది" అన్నాడు. నిజమే, 1951లో సోనిపట్‌లో మొదలైన కంపెనీ అది, చివరికి సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది, అది ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజే అవడం ఇంకో విడ్డూరం. హీరో లూథియానా నుంచి ఇంకా వస్తూనే ఉంది, బీఎస్ఏ, హెర్క్యులిస్ మనకి దగ్గర్లోని చెన్నై అంబత్తూరులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్ కంపెనీవి. మన నెల్లూరు వాళ్ళకి మద్రాసు సరుకంటే ఇంటి సరుకే కదా, విడిభాగాలు పొద్దున చెప్తే మర్నాడు రైల్లోనో ట్రావెల్స్ బస్సులోనో దిగుతాయి. కొనేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి.

ఆ నల్ల సైకిల్ మీద నాకు గౌరవం ఉంది. వెనక యాభై కిలోల మూట వేసినా కిక్కురుమనదు, పాలవాళ్ళు, ఇస్త్రీవాళ్ళు ఇప్పటికీ అదే కొంటున్నారు. కానీ ఇరవై కిలోల దాకా బరువు, మధ్యలో బారు, చుడీదార్ వేసుకుని కాలు వెనక నుంచి తిప్పి ఎక్కడం ఈ వయసులో నా వల్ల కాదు. కాబట్టి బారు కిందకి వంగి ఉండే సైకిలే కావాలి. దాన్నే షాపుల్లో లేడీస్ సైకిల్ అంటారు, మోకాళ్ళ నొప్పులున్న మగవాళ్ళు కూడా సిగ్గుపడకుండా అదే కొనుక్కుంటే సుఖపడతారని నా అభిప్రాయం.

ఇక్కడొక చిక్కుంది. ఈ రకం సైకిళ్ళు చాలావరకు బడి పిల్లల కొలతకి వచ్చినవే. నేను ఐదడుగుల నాలుగంగుళాలు. సీటు షాపులో పెట్టిన ఎత్తులోనే ఎక్కి తొక్కితే మోకాళ్ళు హ్యాండిల్‌కి తగులుతున్నాయి, ఇట్లా తొక్కేవాళ్ళే రెండు వారాలకి మోకాలు చిప్ప నొప్పని మూల పెట్టేస్తారు. సీటు ఎత్తు చూసుకునే పద్ధతి తేలిక. గోడ పట్టుకుని సీటు మీద నిటారుగా కూర్చుని, పెడల్‌ని అడుక్కి దించి, దాని మీద మడమ పెట్టాలి. కాలు పూర్తిగా చాపుకున్నట్టుండాలి. మామూలుగా తొక్కేటప్పుడు పెడల్ మీద ఉండేది పాదం ముందు భాగం కాబట్టి, అప్పుడు మోకాలు కొంచెమే వంగుతుంది, అదే కావాల్సింది. ఆ ఎత్తులో కూర్చుంటే ఆగినప్పుడు రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనవు, మునివేళ్ళే ఆనతాయి. అందుకని ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకి జారి దిగాలి. భయంగా ఉంటే మొదటి వారం ఒక ఇంచీ తగ్గించుకోండి, తరవాత పెంచండి. నాకు సీటు రాడ్డు పైకి లాగితే దాని మీద గీసిన హద్దు గీత బయటికొచ్చేసింది. ఆ గీత కనపడితే లోపల పట్టు చాలదని అర్థం, రాడ్డు వంగుతుంది, లేదంటే ఫ్రేమే పగులుతుంది. పెద్దాయన లోపలికి పోయి పొడుగు రాడ్డు ఒకటి వెతికి తెచ్చి వేశాడు. షోరూములో ఇదే అడిగితే "వారంటీ పోతుంది మేడం" అన్నారు, సీటు రాడ్డు మారిస్తే పోయే వారంటీ ఏందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తరవాత మా అబ్బాయి చేసిన పని నాకు నచ్చింది. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం జేబులో వేసుకొచ్చాడు. రిమ్ముకి తాకిస్తే టక్కున అంటుకుంది. అంటే ఇనప రిమ్ము, పైన మెరిసేది పూత. అది చెడ్డదని కాదు, కానీ వానలో తడిసిన ఇనప రిమ్ము మీద రబ్బరు బ్రేకు దాదాపు జారిపోతుంది, కార్తీక మాసం వానల్లో నెల్లూరు రోడ్ల మీద తిరిగేవాళ్ళకి ఇది పెద్ద విషయం. అయస్కాంతం అంటని అల్యూమినియం రిమ్ములున్నది ఇంకోటి ఉందా అంటే ఉంది, ఆరొందలు ఎక్కువ. ఆ ఆరొందలు మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాను. గేర్ల మీద పెట్టని డబ్బు పెట్టాల్సిన చోటు అదే.

షాపు పెద్దాయన చూపించిన ఇంకో సంగతి కాటర్ పిన్ను. పాత సైకిళ్ళ పెడల్ చెయ్యిని ఇరుసుకి బిగించేది ఒక చిన్న మేకులాంటి పిన్ను. అది అరిగితే పెడల్ కిందకొచ్చిన ప్రతిసారీ టక్కు, టక్కు. ఇప్పుడు పిన్ను లేకుండా బోల్టుతో బిగించేవి వస్తున్నాయి, రేటులో తేడా తక్కువ, ఉంటే అదే తీసుకోండి. చైను పూర్తిగా కప్పే కవరు, వెనక చక్రానికి చున్నీ చిక్కకుండా జాలీ, ఇవి రెండూ లేకుండా ఆడవాళ్ళు బండి షాపు దాటించొద్దు. చున్నీ నడుముకి కట్టుకుంటాలే అనుకుంటాం, ఆఫీసుకి లేటైన రోజు గుర్తుండదు.

టైరు విషయంలో ఒక మోసం ఉంది, మోసమంటే ఎవరూ చేసింది కాదు, కొలతల్లోనే ఉంది. నా సైకిల్ టైరు మీద 26 × 1⅜ అని ఉంది. గేర్ల సైకిల్ టైరు మీద 26 × 1.95 అని ఉంటుంది. రెండూ 26 కదా అని తెచ్చుకుంటే ఒకదాని టైరు ఇంకోదాని రిమ్ముకి ఎక్కదు గాక ఎక్కదు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది, నాదానికి 590, ఆ రెండోదానికి 559. అది రిమ్ము మీద టైరు కూర్చునే చోట కొలత, మిల్లీమీటర్లలో. ఆ అంకె ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంటే ఎక్కడికి పోయినా తప్పు టైరు అంటగట్టలేరు. వెడల్పు సంగతికొస్తే, మరీ సన్న టైర్లు మన ఊరికి వద్దు. పెన్నా ఇసుక ట్రాక్టర్లు మలుపుల్లో ఒలకబోసుకుంటూ పోతాయి, సన్న టైరు ఆ ఇసుకలోకి పోయిందంటే హ్యాండిల్ మన మాట వినదు.

గాలికి కూడా ఒక చిట్కా. మామూలు సైకిల్ ట్యూబుకి పాత వాల్వు వస్తుంది, లోపల సన్న రబ్బరు గొట్టం ఉండేది. పెట్రోలు బంకులో గాలి దానికి పట్టదు. స్కూటరు వాల్వున్న సైకిల్ ట్యూబులు కూడా దొరుకుతాయి, రిమ్ముకి ఉన్న రంధ్రమే సరిపోతుంది. కొనేటప్పుడే రెండు ట్యూబులూ మార్పించేశాను. ఇప్పుడు ఏ బంకులో అయినా, ఏ పంచరు షాపులో అయినా గాలి పడుతుంది. ఎంత కొట్టాలో టైరు మీదే రాసుంటుంది, బంకు కుర్రాడికి ముందే అంకె చెప్పాలి, లేదంటే కారుకి కొట్టినట్టు ఒక్కసారిగా వదిలేస్తాడు, సైకిల్ ట్యూబులో పట్టేది గుప్పెడు గాలే.

ఇంక అసలు అనుమానం. గేరు లేని సైకిల్ తీసుకుంటే అండర్‌బ్రిడ్జి ఎక్కగలనా? మాగుంట లేఅవుట్ దగ్గరా, రామలింగాపురం దగ్గరా దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, ఎక్కేటప్పుడు వెనక ఆటోవాడు హారను మోగిస్తుంటాడు, ఆ టెన్షన్‌లో దిగి నెట్టుకుంటూ పోవడం నాకిష్టం లేదు. ఈ మాట మా వీధి మెకానిక్కుతో అన్నాను. మేమంతా ఆయన్ని భాయ్ అనే పిలుస్తాం, మా అబ్బాయి మూడు చక్రాల బండి నుంచీ ఆయన చేతి మీదే నడిచాయి. ఆయన వెనక చక్రం పళ్ళు లెక్కపెట్టి "పద్దెనిమిది ఉందమ్మా, ఇరవై పళ్ళది వేద్దాం, తేలిగ్గా ఉంటది" అన్నాడు. ముందర 44 పళ్ళు. వెనక 18 ఉంటే పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది, 20 వేస్తే రెండుంబావు కన్నా కాస్త తక్కువ. పదో వంతు బరువు తగ్గినట్టు. చదును రోడ్డు మీద కాళ్ళు కొంచెం తొందరగా ఆడించాలి, అంతే. ఫ్రీవీలూ (వెనక ఉండే ఆ పళ్ళ చక్రం), చైనుకి కలిపిన ముక్కా, ఆయన కూలీ కలిపి మూడొందల యాభై అయింది. ఏ షోరూములోనూ ఈ మాట ఎవరూ చెప్పరు, ఎందుకంటే మూడొందల యాభైతో పోయే ఇబ్బందికి ఆరేడు వేలు ఎక్కువ పెట్టే గేర్ల సైకిల్ వాళ్ళ దగ్గర రెడీగా ఉంది.

బేరం గురించి. సైకిళ్ళ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5 శాతం అయింది. పన్ను కాకుండా ఎనిమిది వేలున్న సైకిల్ అప్పట్లో 8,960, ఇప్పుడు 8,400. పాత స్టాకు మీద పాత ఎమ్మార్పీ స్టిక్కరే ఉంటుంది, దాని మీద కొట్టేసి "మీకోసం ఐదొందలు డిస్కౌంట్" అంటారు. అది డిస్కౌంటు కాదు, ప్రభుత్వం తగ్గించిన పన్ను. స్టిక్కరు మీద తయారైన నెల చూడండి, బిల్లు అడగండి, అందులో పన్ను శాతం చూడండి, ఆ తరవాత బేరం మొదలుపెట్టండి. నేను ఇది అంటే ఒకచోట కుర్రాడు మేనేజర్ని పిలిచాడు, మేనేజరు "మీరు ట్యాక్స్ డిపార్టుమెంటా మేడం" అన్నాడు. పాత షాపు పెద్దాయన మాత్రం కొత్త రేటే చెప్పాడు, తగ్గించమంటే తగ్గించలేదు గానీ బెల్లు, వెనక క్యారేజీ, స్టాండు అందులోనే వేసిచ్చాడు. తాళం, లైట్లు విడిగా కొన్నాను. లైటంటే మనకి డైనమో గుర్తొస్తుంది, టైరుకి రాసుకుంటూ జుయ్యిమని, ఆగితే ఆరిపోయేది. ఇప్పుడు ఫోను చార్జరుతో చార్జింగు పెట్టుకునే లైట్లొచ్చాయి. ముందర తెల్లది, వెనక ఎర్రది, రెండూ కావాలి. వెనకది మరీ ముఖ్యం, మనల్ని గుద్దేవాడు వెనక నుంచే వస్తాడు.

సైకిల్ ఒకసారి నేర్చుకుంటే మరిచిపోరంటారు. బ్యాలెన్స్ వరకూ నిజమే, షాపు సందులో ఎక్కగానే వచ్చేసింది. మరిచిపోయేది మిగతాది. ఒక చెయ్యి వదిలి కుడిపక్కకి సిగ్నల్ ఇవ్వబోతే హ్యాండిల్ వణికింది. తల తిప్పి వెనక చూస్తే సైకిల్ కూడా అటే పోయింది. బ్రేకు పడగానే కాలు ఏదో ఒకటి ముందు దించాలన్న లెక్క స్కూటీ అలవాటుతో తారుమారైంది. అందుకని ట్రంకు రోడ్డెక్కే ముందు మా కాలనీ ఖాళీ స్థలంలో రోజూ పొద్దున ఇవే సాధన చేశాను, కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తూ గీత మీద పోవడం, ఒక చేత్తో పోవడం, సీటు మీంచి ముందుకి జారి ఆగడం. వాకింగుకొచ్చే ఆంటీలు మొదట నవ్వారు, తరవాత ఒకావిడ "ఒక రౌండు ఇస్తావా అమ్మాయ్" అంది. కుడిపక్క హ్యాండిల్‌కి స్కూటరు అద్దంలాంటిది ఒకటి బిగించుకున్నా, ఫ్యాషన్ కాదు గానీ పనికొస్తుంది. హెల్మెట్ సైకిల్‌కి తప్పనిసరేం కాదు, అయినా పెట్టుకుంటున్నా, ఆఫీసులో జుట్టు గురించి ఎవరేమన్నా అననీ.

సీటు సంగతి చెప్పకుండా ముగిస్తే తిడతారు. మొదటి వారం కూర్చునే ఎముకలు నొప్పి పెడతాయి, ఇది అందరికీ ఉండేదే, తగ్గిపోతుంది. దానికి విరుగుడని దిండులాంటి జెల్ కవరు అమ్ముతారు. మెత్తగా ఉండేసరికి బాగుందనిపిస్తుంది, పావుగంట తరవాత ఆ మెత్తదనమే మధ్యలోకి ఒత్తుకుని ఇంకా ఇబ్బంది. ఎముకలు రెండూ ఆనేంత వెడల్పు, మధ్యస్థం గట్టిదనం, ముక్కు నేలకి సమంగా, అంతే చాలు. మూడో వారం నుంచి నాకు ఆ ఊసే లేదు.

నెల తిరగ్గానే మళ్ళీ మెకానిక్కు దగ్గరికి తీసుకుపోవాలి, ఇది చాలామంది ఎగ్గొడతారు. కొత్త సైకిల్‌కి ఊచలు సర్దుకుని వదులవుతాయి, బ్రేకు వైర్లు సాగుతాయి, పెడల్ బోల్టులు ఒకసారి బిగించుకోవాలి. భాయ్ చక్రం గాల్లో తిప్పి, బ్రేకు రబ్బరుకీ రిమ్ముకీ మధ్య సందు ఒక కన్ను మూసి చూస్తూ, ఒక్కో ఊచకి పావు చుట్టు, ఎదురు ఊచకి పావు చుట్టు తిప్పుతూ పది నిమిషాల్లో వంకర తీసేశాడు.

నన్ను చూసి మా ఆఫీసులో కోవూరు నుంచి వచ్చే ఒకాయన కూడా కొంటానంటున్నాడు. ఆయనకి మాత్రం నా రకం వద్దని చెప్పాను. ఐదడుగుల పదంగుళాల మనిషి, ఈ ఫ్రేము చాలదు, పైగా రోజూ పెన్నా దాటాలి, సాయంత్రం వంతెన మీద సముద్రం వైపు నుంచి వీచే గాలి మామూలుగా ఉండదు, ఏటవాలుగా మొహాన కొడుతుంది. గాలికి ఎదురు తొక్కడం ఎత్తెక్కడం లాంటిదే, అక్కడ గేర్లు నిజంగా అక్కరకొస్తాయి. ముందర ఒకటే చక్రం, వెనక ఏడు, స్ప్రింగులు లేని ఫోర్కు, 700 × 35 టైరు ఉన్న హైబ్రిడ్, అంటే రేసు సైకిల్‌కీ లావు టైర్ల సైకిల్‌కీ మధ్యరకం, ఏదన్నా చూడమన్నా. ఆ రకం వాటిలో కొన్నిటికి సన్న వాల్వు వస్తుంది, దానికి మన పంచరు షాపుల్లో గాలి పట్టదు. వేలి గోరంత ఇత్తడి అడాప్టరు ఉంటుంది, రెండు కొని ఒకటి తాళం గుత్తికి, ఒకటి ఆఫీసు డ్రాయరులో పెట్టుకోమని చెప్పాను.